ఆప్షన్ లేదని చెప్పి హాయిగా బతకడం ఎలా?

హుజూర్‌నగర్‌లో డాబా మీది రేకుల గదిలో కూర్చుని హైదరాబాద్ కంపెనీకి పనిచేసే తమ్ముళ్లకు, కోదాడలో అమెరికా టైముకు మేలుకునే చెల్లెళ్లకు, మిర్యాలగూడలో పెళ్లిచూపుల నాడు ‘సాఫ్ట్‌వేర్’ అని ఒక్క మాట చెప్పి ఊరుకునే పెళ్లికొడుకులకు ఈ చిట్కాలు. తక్కినవాళ్లు కూడా చదవచ్చు. ఏ పనీ లేనివాళ్లకు పెద్దగా ఉపయోగపడవు. పని ఉండి చేయనివాళ్ల కోసమే రాసినవి ఇవి.

మీ కంపెనీ మీ చేతిలో ఒక పనుల చిట్టా పెట్టింది. జిరా కావచ్చు, ట్రెల్లో, అసానా, బేస్‌క్యాంప్, మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ కావచ్చు. ఎవరు ఏం చేస్తున్నారు, ఎప్పటికి అవుతుంది అన్నది అందులో రాయాలి. ఏది తీసుకున్నా మనకు కావలసింది ఏదో ఒకటి అందులో ఉండదు. తెలివితక్కువ వాళ్లు అక్కడ జుట్టు పీక్కుంటారు. మరీ తెలివితక్కువ వాళ్లు ఆ లోటును సర్దుకుని పని పూర్తి చేసేస్తారు. మీరు రెండూ చేయకండి. లేని ఆప్షనే మీ ఆస్తి, దాన్ని కాపాడుకోవడమే మీ ఉద్యోగం. ఆడలేక మద్దెల ఓడన్నాడని పెద్దలు వెక్కిరించారు గానీ, మద్దెల నిజంగానే ఓడైతే ఆడేవాడికి ఎంత సుఖమో వాళ్లు ఆలోచించలేదు.

1. ఏముందో కాదు, ఏం లేదో నేర్చుకోండి.

కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చిందంటే ట్రైనింగ్ పెడతారు. అందులో ఏమేం ఉన్నాయో చెబుతారు. ఆ గంట కెమెరా ఆపేసి టిఫిన్ చేయండి. తర్వాత తీరిగ్గా లేనివాటి జాబితా కంఠతా పట్టండి. జిరాలో ఒక టికెట్‌కు అసైనీగా ఒక్కరి పేరే పడుతుంది. ట్రెల్లోలో ఈ కార్డు అయ్యాకే ఆ కార్డు మొదలవ్వాలని కట్టెయ్యాలంటే విడిగా పవర్-అప్ తగిలించాలి. బేస్‌క్యాంప్ వాళ్లు గాంట్ చార్టు లేకుండానే ఇన్నేళ్లు నెట్టుకొచ్చారు. జిరాలో నాలుగైదు టీముల పని ఒకే పటంలో చూడాలంటే ఖరీదైన ప్లాను కొనాలి. హెన్రీ గాంట్ అనే అమెరికా ఇంజినీరు వందేళ్ల కిందటే కాగితం మీద గీసి చూపించిన అడ్డగీతలే ఈ చార్టులూ పటాలూ. కాగితం, స్కేలు ఉంటే మీరూ గీయవచ్చు. ఈ సంగతి ఎవరి చెవినా వేయకండి.

కాల్‌లో లీడ్ “ఈ పనికి ముందు ఏది కావాలి?” అని అడిగితే జవాబు నాలుక చివర ఉండాలి. “టూల్‌లో కనబడదు అన్నా.” అంతే. పని మీకు తెలుసా తెలియదా అన్న ప్రశ్నే ఇక రాదు.

2. ఇద్దరి పనిలోనే చేయి పెట్టండి.

ఒక్కరే చేయాల్సిన పని ప్రమాదం. అయిందో లేదో తెలిసిపోతుంది. ఇద్దరు కలిసి చేయాల్సినవి ఏరుకోండి. టికెట్ మీద ఒక్క పేరే పడుతుందని చెప్పాను గదా, ఆ పేరు రెండోవాడిది ఉండేట్టు చూసుకోండి. పని చెడితే పేరు అతనిది. పని అయితే “మేమిద్దరం చేశాం, టూల్‌లో ఇద్దరి పేర్లు పెట్టే ఆప్షన్ లేదు” అని కాల్‌లో మీరే నొచ్చుకోండి. అతనికి అన్యాయం జరిగిందన్న బాధ మీ గొంతులో పలకాలి.

3. ఫీచర్ కావాలని అడగండి. వస్తుందేమోనని భయపడకండి.

కొత్తవాళ్లకు ఇక్కడే బెరుకు. అడిగితే ఇచ్చేస్తారేమో, సాకు పోతుందేమో అని. చరిత్ర చూస్తే ధైర్యం వస్తుంది. జిరాను చేసే అట్లాసియన్ 2002లో ఆస్ట్రేలియాలో పుట్టింది. కస్టమర్ల కోరికలన్నీ అందరికీ కనబడేలా జిరాలోనే పెట్టుకుంటుంది. అక్కడ కోరికకు ఒక స్థితి ఉంటుంది: ఆసక్తి కూడగడుతున్నాం, భవిష్యత్తులో చూస్తాం, ఇలా. క్లౌడ్‌లో మా కంపెనీ డొమైన్ పేరు పెట్టుకోనివ్వండని 2011లో అడిగిన కోరిక పదేళ్లకు పైగా తీరలేదు. అన్నేళ్లలో ఎందరు హాయిగా ‘వెండార్ దగ్గర పెండింగ్’ అని రాసుకుని ఉంటారో ఊహించండి.

బేస్‌క్యాంప్ వాళ్లది ఇంకా గొప్ప మనసు. 2006లో వేసిన ‘గెటింగ్ రియల్’ పుస్తకంలో, కస్టమర్లు అడిగినవాటిని రాసి పెట్టుకోవద్దని, నిజంగా కావలసినవైతే వాళ్లే మళ్లీ మళ్లీ వచ్చి గుర్తు చేస్తారని చెప్పారు. వాళ్లు దాన్ని సాఫ్ట్‌వేర్ సన్నగా ఉంచడానికి చెప్పారు. మీరు మీ పనికి వాడుకోండి. టెస్టింగ్ టీము మీకు ఏదైనా చెబితే రాసుకోకండి. నిజంగా అవసరమైతే వాళ్లే మళ్లీ వస్తారు. మైక్రోసాఫ్ట్ అయితే ఏళ్ల తరబడి జనంతో ఓట్లు వేయించుకున్న యూజర్‌వాయిస్ వేదికనే 2021లో వదిలేసింది.

కాబట్టి మీక్కావలసిన కోరికకు నిర్భయంగా ఓటు వేయండి. ఆ కోరిక లింకు తెచ్చి మీ టికెట్‌లో అతికించండి. టికెట్ మీద ‘బ్లాక్డ్’ అని ఎర్రగా పెట్టండి. అక్కడ కదిలేదాకా ఇక్కడ కదలక్కర్లేదు. అదనపు చిట్కా: మీ ఓటు కింద ఒక కామెంట్ కూడా పెట్టండి. ‘ఇది లేకపోవడం వల్ల మా వ్యాపారం దెబ్బతింటోంది’ అని. అలాంటి కామెంట్లు ఇప్పటికే వందలుంటాయి, మీది కలిసిపోతుంది. మేనేజర్‌కు చూపడానికి మాత్రం మీ దగ్గర రుజువు ఉంటుంది.

4. మన దగ్గరి పెద్దలను చూసి నేర్చుకోండి.

ఆప్షన్ లేకపోవడంలో ఉన్న శక్తి ఆస్ట్రేలియా వాళ్లకే తెలుసనుకోవద్దు. తెలంగాణలో గజం భూమి ఉన్న ప్రతి ఇంటికీ అది తెలుసు. 2020 అక్టోబర్ 29న మూడుచింతలపల్లిలో భూరికార్డుల పోర్టల్ ధరణి మొదలైంది. రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ రెండూ తహసీల్దార్ ఆఫీసులో అప్పటికప్పుడే అన్నారు. చాలామందికి నిజంగానే అయ్యాయి కూడా. కానీ ఎకరం పది గుంటల భూమి పది గుంటలుగా పడినవాడు, తండ్రి పేరులో అక్షరం పోయినవాడు, సర్వే నంబరు పక్కూరివాడి ఖాతాలోకి వెళ్లినవాడు అదే ఆఫీసుకు వెళ్తే ఏమని జవాబు వచ్చింది? “ఆప్షన్ లేదు.”

గమనించండి, ఆ జవాబులో కోపం లేదు, విసుగు లేదు. లంచం అడిగారని ఎవరూ అనలేరు. ‘మీ పని చేయను’ అన్న మాట ఎక్కడా లేదు. కంప్యూటర్ తెర మీద కర్సర్ పెట్టి చూపిస్తే చాలు, రైతు దానికే దండం పెట్టి బయటికి వచ్చేవాడు. పాత పహాణీలో భూమి ఎవరు సాగు చేస్తున్నారో చెప్పే అనుభవదారు కాలమ్ ఉండేది. ధరణిలో ఆ కాలమే లేకుండా పోయింది. కాలమ్ లేకపోతే సాగు చేసేవాడే లేడు. ఇంత తేలిగ్గా మనిషిని మాయం చేయడం ఏ ప్రాజెక్టు మేనేజర్‌కు సాధ్యం?

తర్వాత మాడ్యూళ్లు ఒక్కొక్కటిగా వచ్చాయి. పాస్‌బుక్ తప్పులు దిద్దడానికి టీఎం-33 వచ్చింది. పొలం గట్టున పశువుల సంగతి మాట్లాడుకునే ముసలాయన కూడా “నాది టీఎం ముప్పై మూడు బాబూ” అనడం నేర్చుకున్నాడు. మాడ్యూల్ వచ్చినంత మాత్రాన పని అయిందని కాదు. దరఖాస్తు కలెక్టర్ దాకా ఎక్కాలి, దిగాలి. లేని ఆప్షన్ ఎంత మంచిదో, ఉండీ పైవాడి సంతకం కోసం ఆగే ఆప్షన్ అంతకన్నా మంచిది. ఇది రాసి పెట్టుకోండి.

దురదృష్టం ఏమిటంటే ఇంత మంచి వ్యవస్థ నిలవలేదు. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చింది. ముందుగా నాలుగు మండలాల్లో పరీక్షించారు. అందులో ఒకటి కోదాడ దాటగానే వచ్చే నేలకొండపల్లి. తప్పులు దిద్దే అధికారం తహసీల్దార్లకు, ఆర్డీవోలకు ఇచ్చారు. అప్పీలు ఎక్కడ చేసుకోవాలో చెప్పారు. జూన్‌లో ఊరూరా రెవెన్యూ సదస్సులు పెడితే దరఖాస్తులు లక్షల్లో వచ్చి పడ్డాయి. ఇప్పుడు ఏ అధికారికైనా ఎంత ఇబ్బందో చూడండి. ఆప్షన్ వచ్చింది, పవర్ వచ్చింది, కాబట్టి పని చేయలేదంటే చేయలేదనే అర్థం. మీ ప్రాజెక్టును ఈ స్థితికి ఎప్పుడూ రానివ్వకండి.

5. ఎక్సెల్ షీటు మొదలుపెట్టండి. ఒకటి కాదు, మూడు.

‘టూల్‌లో ఆ రిపోర్టు రాదు కాబట్టి’ అని మొదలుపెట్టి మీ సొంత షీటు తెరవండి. టీములో ఇంకొకడు తన షీటు తెరుస్తాడు. మేనేజర్ మూడోది తెరుస్తాడు. వాట్సాప్ గ్రూపులో నాలుగో లెక్క నడుస్తుంది. నెల తిరిగేసరికి ఒకే పని ఒకచోట అయిపోయింది, ఒకచోట సగమైంది, ఒకచోట మొదలవలేదు, వాట్సాప్‌లో మాత్రం దానికి చప్పట్ల బొమ్మలు పడ్డాయి. ఏ మీటింగులో ఏది కావాలో అది తెరవండి.

ఫైలు పేరు చివర ‘ఫైనల్’ అని పెట్టండి. మర్నాడు ‘ఫైనల్ కొత్తది’. ఆ తర్వాత ‘ఫైనల్ కొత్తది వాడవద్దు’. ఎవరడిగినా ఫైలు పంపకండి, స్క్రీన్‌షాటు పంపండి. అందులో వెతకడం కుదరదు, కూడికలు సరిచూడడం కుదరదు. తేదీ కనబడకుండా కత్తిరిస్తే ఇంకా మంచిది.

6. ప్లగిన్ కొనిపించండి.

లేనిది బజారులో దొరుకుతుంది. జిరాకు అంగడి నిండా ప్లగిన్‌లే. ఒకటి ఎంచుకుని “ఇది వస్తే అన్నీ తీరతాయి” అనండి. డెమోకు వారం. ధర కనుక్కోవడానికి వారం. సెక్యూరిటీ వాళ్లు చూడ్డానికి ఎన్ని వారాలో వాళ్లకే తెలియదు. ఈలోగా పని ఎందుకు చేయాలి? ప్లగిన్ వచ్చాక మళ్లీ చేయాల్సి వస్తుంది గదా. వచ్చిన రోజున అందులో ఏం లేదో కనిపెట్టి రెండోది అడగండి.

దీనికి తమ్ముడు లాంటి ఉపాయం ఒకటుంది. అడ్మిన్‌ను పట్టుకుని కొత్త ఫీల్డులు, కొత్త స్టేటస్‌లు పెట్టించండి. ‘రివ్యూకు సిద్ధం’, ‘రివ్యూకు దాదాపు సిద్ధం’, ‘రివ్యూ అయింది గానీ చూడాలి’. ఫీల్డులు పెరిగితే జిరా నెమ్మదిస్తుందని అట్లాసియన్ వాళ్లే హెచ్చరిస్తారు. నెమ్మదించాక అది మీకు ఇంకో సాకు.

7. లోకల్ సాకులు వాడి పరువు తీసుకోకండి.

కరెంటు పోయింది, నెట్ లేదు, పెద్దగట్టు జాతరకు దారి మళ్లించారు, జాన్‌పహాడ్ ఉర్సుకు చుట్టాలొచ్చారు. ఇవి పాతకాలం సాకులు. కరెంటు గంటలో వస్తుంది, జాతర రెండేళ్లకోసారి. పక్క వీధిలో ఇంకో ఉద్యోగి ఉంటే మీ అబద్ధం అక్కడే తేలిపోతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఆప్షన్ లేకపోవడం అలా కాదు. ఏ వీధివాడికీ తేడా ఉండదు, ఏ రోజుకారోజు నిజం.

ఈ విషయంలో ఇంట్లో నాయినను మాత్రం ఆదర్శంగా తీసుకోకండి. సన్నవడ్ల సీజన్‌లో మిల్లులకు ట్రాక్టర్లు, లారీలు పోటెత్తకుండా ఈ వైపు రైతులకు టోకెన్లు పెట్టారు గుర్తుందా? టోకెన్ మీద తేదీ ఉండేది. వరి ఆ తేదీ చూసి పండదు, వాన ఆ తేదీ చూసి ఆగదు. తేదీ మార్చుకునే పద్ధతి సరిగ్గా ఉండేది కాదు. అదే మీకైతే ఆర్నెల్ల తీరిక. నాయిన ఏం చేశాడు? పొద్దున్నే బండి వేసుకుని వ్యవసాయాధికారి దగ్గరికి పోయాడు, కోత మిషన్ వాణ్ని బతిమిలాడి ఆపాడు, పక్క రైతుతో మాట్లాడి సర్దుకున్నాడు, వడ్లు తడవకముందే మిర్యాలగూడ చేర్చాడు. సాయంత్రం ఇంటికొచ్చి “ఏందిరా, ఇంకా అదే తెర చూస్తున్నవ్?” అన్నాడు. “ఆప్షన్ లేదు నాయినా” అని చెప్పి హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. ఆయనకు ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ తెలియదు.

8. ఇల్లు కట్టే బావలకు ఒక మాట.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం లేదని చిన్నబుచ్చుకోకండి, యాప్ మీ దగ్గరికీ వచ్చింది. ఇందిరమ్మ ఇంటికి ఐదు లక్షలు విడతలుగా పడతాయి. బేస్‌మెంట్, గోడలు, స్లాబ్ అంటూ దశ దశకూ ఫొటో ఎక్కాలి. ఆరు వందల చదరపు అడుగులు దాటకూడదు. ఇంటాయన “ఒక గది కొంచెం పెంచుదామా?” అంటే వెంటనే సరే అనండి. “యాప్‌లో ‘కొంచెం ఎక్కువ’ అనే ఆప్షన్ వస్తుందంట” అని చెప్పి పునాది తవ్వించండి. బిల్లు ఆగాక తప్పు యాప్‌ది, పెరిగిన గది ఇంటాయనది, అడ్వాన్సు మీది.

9. అన్నీ అయ్యాక టూల్ మార్చమనండి.

ఇది బ్రహ్మాస్త్రం, ఏడాదికోసారే తీయండి. ‘ఈ టూల్‌తో లాభం లేదు, వేరేదానికి మారితే తప్ప’ అని ఒక స్లైడు వేయండి. మారడం మొదలైతే రెండు నెలలు ఎవరూ పని అడగరు. పాత కామెంట్లు పోతాయి, ఎవరు ఏ మాటిచ్చారో చెప్పే హిస్టరీ పోతుంది, అటాచ్‌మెంట్లు తెరుచుకోవు. వీటిని నష్టాలనుకునేవాళ్లు ఇంకా మొదటి చిట్కా దగ్గరే ఉన్నారు.

కంపెనీ ఒప్పుకోకపోతే తయారీదారే ఒప్పిస్తాడు. అట్లాసియన్ తన సర్వర్ వెర్షన్‌లకు సపోర్టు 2024 ఫిబ్రవరి 15తో ఆపేసింది. సొంత మెషిన్‌లో నడుపుకుంటున్న వాళ్లు క్లౌడ్‌కో, ఖరీదైన డేటా సెంటర్‌కో మారక తప్పలేదు. ఆ ఏడాది ‘మైగ్రేషన్‌లో ఉన్నాం’ అన్న మాటతో ఎన్ని స్ప్రింట్లు గడిచాయో! అంతకుముందు 2022 ఏప్రిల్‌లో అయితే ఇంకో అదృష్టం. అట్లాసియన్ నడిపిన ఒక స్క్రిప్టు పొరపాటున 775 మంది కస్టమర్ల సైట్లను తుడిచేసింది. కొందరికి తిరిగి రావడానికి పద్నాలుగు రోజులు పట్టింది. అక్కడ ఒక ఆప్షన్ కాదు, ఆప్షన్‌లుండే చోటే లేదు. అలాంటి రోజులు మళ్లీ వస్తాయని ఎదురుచూస్తూ కూర్చోకండి. అది కష్టపడేవాళ్ల లక్షణం.

10. ఫలితం అందుకోండి.

ఇవన్నీ శ్రద్ధగా పాటిస్తే తొమ్మిది నెలల నుంచి ఏడాదిలోపు ఫలితం కనబడుతుంది. గడువు మూడుసార్లు జరుగుతుంది. క్లయింటు కాల్‌లో కెమెరాలన్నీ ఆఫ్ అవుతాయి. ఒకరోజు మీ లీడ్ “అసలు ఈ ప్రాజెక్టులో ఏం అయింది?” అని అడుగుతాడు. ఎవరి దగ్గరా జవాబు ఉండదు, మూడు షీట్లలో, వాట్సాప్‌లో కలిపి నాలుగు జవాబులుంటాయి. కాంట్రాక్టు పోతుంది. మిమ్మల్ని బెంచి మీద కూర్చోబెడతారు. ఇన్నాళ్లూ పని చేయకుండా జీతం తీసుకోవడానికి ఎంత కష్టపడ్డారో, ఇప్పుడు అది ఏ శ్రమా లేకుండా అధికారికంగానే దక్కుతుంది. కొన్ని వారాలపాటు.

ఆ తర్వాత హెచ్‌ఆర్ వాళ్లు ఒక లింకు పంపుతారు. ఉద్యోగం వదలడానికి కారణం ఏమిటో ఎంచుకోమని. జాబితా పై నుంచి కింది దాకా చదవండి: పై చదువు, పెళ్లి, ఊరు మారడం, మెరుగైన అవకాశం. ‘పని చేయలేదు’ అన్న ఆప్షన్ అందులో ఉండదు. ‘వ్యక్తిగత కారణాలు’ నొక్కి సబ్‌మిట్ చేయండి. లాప్‌టాప్ కొరియర్‌లో పంపేటప్పుడు ఛార్జర్ మరిచిపోకండి, దాని డబ్బు చివరి జీతంలో కోస్తారు.